పిట్టపోరు తీర్చిన పిల్లి: మన కథలు పిల్లలకు తగవు గురించి ఏం చెప్తున్నాయి?

మన బడుల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చెప్పే కథ ఇది. రెండు పిల్లులకు ఒక రొట్టె దొరుకుతుంది. నాదంటే నాదని తగవు పడతాయి. కోతి త్రాసు పట్టుకుని వస్తుంది. రొట్టెను రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి పెద్దదయిందని కాస్త కొరుకుతుంది, ఇప్పుడు రెండోది పెద్దదయిందని దాన్నీ కొరుకుతుంది. చివరికి త్రాసులో ఏమీ మిగలదు. కథ అవగానే టీచరు "నీతి ఏమిటి?" అని అడుగుతారు. పిల్లలంతా ఒకే గొంతుతో "పోట్లాడుకోకూడదు!" అంటారు. టీచరు సంతోషిస్తారు, పక్క పేజీలోకి వెళ్తారు.

నేనూ చాలా ఏళ్లు ఇలాగే చెప్పాను. ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం మానేశాను. ఎందుకు మానేశానో, దాని బదులు ఏం చేస్తున్నానో మీతో చెప్పాలనే ఈ నాలుగు పేజీలు. తరగతిలో తగవులు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఈ పుస్తకంలో వేరేచోట నియమాలుగా ఉంది. నేను మాట్లాడేది వాటి గురించి కాదు, మనం నోటితో చెప్పే కథల గురించి. నియమాల కాగితం పిల్లలు చదవరు, కథ మాత్రం వింటారు.

మళ్లీ ఆ పిల్లుల దగ్గరికి వెళ్దాం. ఒక రొట్టె ఉంది, ఆకలిగా ఉన్నవి రెండున్నాయి. తగవు రాక ఏమవుతుంది? తగవు పడటం వాటి తప్పు కాదు. రొట్టెను చేతిలోంచి వదిలి కోతికి ఇవ్వడం తప్పు. ఇంకో సంగతి గమనించారా? తగవు మొదలైన తర్వాత ఆ రెండు పిల్లులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నట్టు కథలో ఎక్కడా లేదు. ముందు ఎవరు చూశారు, ఎవరు తెచ్చారు, పొద్దున్నించీ తిననిదెవరు, ఈ సంగతులు ఎవరూ అడగరు. కోతి కూడా ఒక్క ప్రశ్న వేయదు. నేరుగా త్రాసు తీస్తుంది. మనం చెప్పిస్తున్న నీతికి, కథలో జరిగిన నష్టానికి సంబంధమే లేదు. అయినా ఇన్నేళ్లుగా అది మనకు పట్టలేదు. ఎందుకంటే "పోట్లాడుకోకండి" అన్నమాట మనకు పనికొస్తుంది. శనివారం రెండు గంటల్లో పద్దెనిమిది మంది చేత గుణింతాలు రాయించాల్సినవాళ్లకు అంతకంటే ముద్దొచ్చే నీతి ఇంకొకటి దొరకదు!

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనకో సామెత ఉంది. దాని తోడబుట్టిన కథ పంచతంత్రంలో, కాకోలూకీయంలో ఉంది. కపింజలమనే పిట్ట మేతకు వెళ్లి చాలా రోజులు తిరిగి రాదు. ఖాళీగా ఉన్న ఆ తొర్రలో ఒక కుందేలు కాపురం పెడుతుంది. పిట్ట తిరిగొచ్చి ఇల్లు నాదంటుంది. ఉంటున్నది నేను కాబట్టి నాదేనంటుంది కుందేలు. చూడండి, ఇది రొట్టె తగవు కంటే ఎంత మంచి తగవో. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మన పిల్లలు బల్ల దగ్గర కుర్చీ కోసం సరిగ్గా ఇలాగే వాదించుకుంటారు: "పోయినవారం నేను కూర్చున్నా", "పోయినవారం నువ్వు రాలేదు." కథలో మాత్రం ఆ వాదన ముందుకు సాగదు. ఇద్దరూ కలిసి దధికర్ణుడనే పిల్లి దగ్గరికి వెళ్తారు. అది దర్భలు పట్టుకుని తపస్సు నటిస్తూ ఉంటుంది. ముసలిదాన్ని, చెవులు సరిగ్గా వినపడవు, దగ్గరికి రండంటుంది. వెళ్తారు. ఇద్దరినీ తినేస్తుంది.

రాజుల పిల్లలకు లోకం పోకడ నేర్పడానికి ఈ కథ సరిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఇదొక్కటే చెప్పి వదిలేస్తే ఏమవుతుంది? మధ్యలోకి ఎవరొచ్చినా మింగేస్తారని అర్థమవుతుంది. ఒక పక్క "గొడవైతే టీచరుకి చెప్పండి" అంటాం, ఇంకో పక్క పెద్దరికం వేషం వేసుకున్న పిల్లి కథ చెప్తాం. పిల్లలు మన దగ్గరికి రాకుండా తగవును మనసులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తే, అది కారులో అమ్మానాన్నల చెవిన పడితే, రాత్రికి పేరెంట్ల వాట్సాప్ గ్రూపులోకి వస్తే, ఆశ్చర్యం ఎందుకు?

మర్యాద రామన్న కథ వీటికి పూర్తిగా వేరు. నలుగురు దొంగలు తమ సొమ్ము మూటను పేదరాశి పెద్దమ్మ దగ్గర దాస్తారు. నలుగురం కలిసి వచ్చి అడిగితేనే ఇవ్వమంటారు. వాళ్లలో ఒకడు మాయమాటలు చెప్పి మూట పట్టుకుని ఉడాయిస్తాడు. మిగతా ముగ్గురూ పెద్దమ్మ మీద పడతారు. సొమ్ము ఆమే ఇచ్చుకోవాలని తీర్పు వస్తుంది. ఏడుస్తూ పోతున్న ఆమెను వీధిలో ఆడుకుంటున్న కుర్రాడు రామన్న ఆపి సంగతి అడుగుతాడు. నలుగురూ వస్తేనే ఇవ్వమన్నారు కదా, నాలుగోవాణ్ణి వెంటబెట్టుకు రమ్మని చెప్పు, అప్పుడే ఇస్తానను, అంటాడు.

నాకు ఈ కథంటే ఇష్టం. మన కథల్లో అరుదుగా కనిపించే రెండు సంగతులు ఇందులో ఉన్నాయి. న్యాయం చెప్పింది పిల్లవాడు. చెప్పే ముందు అడిగాడు, మొదట్లో ఎవరు ఏ మాట అనుకున్నారో వివరంగా విన్నాడు. పెద్దలు వినని మాట అతను విన్నాడు, అంతే. ఈ రెండింటి కోసమైనా ఈ కథను ప్రతి మెట్టులోనూ ఒకసారి చెప్పండి.

కానీ ఇది తీర్పు, రాజీ కాదు. ఒకళ్లు గెలిచారు, ముగ్గురు ఓడారు. దొంగల విషయంలో అది సబబే. ఆ దొంగలూ పెద్దమ్మా మళ్లీ ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. మన పిల్లలు చూడాలి. వచ్చే శనివారం అదే బల్ల, అదే పక్క సీటు. తెనాలి రామకృష్ణుడి కథలైతే ఇంకా చిక్కు. అక్కడ తెలివైనవాడు గెలవడంతో సరిపోదు, ఎదుటివాడు నవ్వులపాలు కావాలి. నవ్వడానికి బాగుంటాయి, కాదనను. తగవు వచ్చిన రోజున మాత్రం ఆ పుస్తకం తెరవకండి.

మన పిల్లలు వారంలో ఐదు రోజులు వెళ్లే అమెరికా బడుల్లో పీర్ మీడియేషన్ అనే మాట మీరు వినే ఉంటారు. పిల్లల తగవుకు పిల్లలే మధ్యవర్తులుగా ఉండటం. దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కమ్యూనిటీ బోర్డ్స్ అనే సంస్థ మొదలైంది. ఇరుగుపొరుగు తగవులు కోర్టు దాకా పోకుండా, అదే పేటలో ఉండే మామూలు మనుషులు శిక్షణ తీసుకుని ఇరుపక్షాల చేతా మాట్లాడించడం వాళ్ల పద్ధతి. 1980ల్లో దాన్ని బడుల్లోకి తీసుకెళ్లారు. మన రచ్చబండ లాంటిదే కదా అనిపిస్తుంది. కాదు. రచ్చబండ మీద పెద్దలు విని తీర్పు చెప్తారు. ఇక్కడ మధ్యలో కూర్చున్నవాళ్లు తీర్పు చెప్పకూడదు. మొత్తం పద్ధతికి ఆయువుపట్టు అదే.

మిన్నెసోటా యూనివర్సిటీలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు ఇంకో అడుగు వేశారు. చురుకైన పిల్లల్ని కొద్దిమందిని ఏరి మధ్యవర్తులుగా పెడితే ఆ కొద్దిమందికే చదువు వస్తుంది, మిగతావాళ్లు కక్షిదారులుగానే మిగిలిపోతారు. అందుకని అందరికీ నేర్పాలి, రోజుకి ఇద్దరి చొప్పున అందరూ వంతులవారీగా మధ్యవర్తులు కావాలి అన్నారు. నాకేం కావాలో చెప్పడం, నాకెలా ఉందో చెప్పడం, ఎందుకు కావాలో చెప్పడం, ఎదుటివాళ్ల వైపు నుంచి అదే సంగతి చెప్పగలగడం, కనీసం మూడు దారులు ఆలోచించడం, వాటిలో ఒకదానికి ఇద్దరూ ఒప్పుకోవడం. ఇదీ వాళ్లు నేర్పే వరస. వీటిలో నాలుగోది కష్టం. పెద్దవాళ్లకే చేతకాదు.

నాకు చేతకాలేదు. మూడేళ్ల కిందట వార్షికోత్సవానికి రాయబారం ఘట్టం వేయిస్తున్నాను. కృష్ణుడి వేషం కోసం ఇద్దరు పట్టుబట్టారు. ఒకమ్మాయి పద్యం స్పష్టంగా చదువుతుంది, వత్తులు పోనివ్వదు. ఒకబ్బాయి అప్పటికే ఇంట్లో కిరీటం చేసుకున్నాడు, పద్యం మాత్రం మధ్యలో తడబడుతుంది. రెండు వారాలు సాగదీశారు. రిహార్సలు ముందుకు పోవడం లేదు. నేను త్రాసు తీశాను. పద్యం ఎవరు బాగా చదివితే వాళ్లదే వేషం అన్నాను. న్యాయంగానే ఉంది కదా? అమ్మాయి కృష్ణుడయింది. అబ్బాయి ఆ శనివారం మాట్లాడలేదు, తర్వాతి శనివారం రాలేదు, ఆ తర్వాత మానేశాడు. రెండు ఇళ్లవాళ్లూ గుడిలో ఎదురుపడితే పక్కకు తప్పుకునేదాకా వచ్చింది.

చాలా రోజులకు వాళ్లమ్మ ద్వారా తెలిసింది. గుంటూరు జిల్లాలో ఉండే తాతయ్య ఒకప్పుడు పద్యనాటకాల్లో వేషాలు కట్టినవారు. మనవడు పద్యం పాడితే ఫోనులో చూడాలని ఆయన ఆశ. వాడికి కావలసింది కృష్ణుడి వేషం కాదు, తాతయ్యకు వినిపించడానికి ఒక పద్యం. రాయబారంలో పద్యాలకు కరువా? దుర్యోధనుడికి లేవా, కర్ణుడికి లేవా? అమ్మాయిని అడిగితే తనకు కావలసింది నెమలిపింఛమూ పట్టుపంచే అని తేలేదో ఏమో, నేనడిగితే కదా! "నీకు ఎందుకు కావాలి?" అన్న ఒక్క మాట ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడగలేదు. నేను చెప్పిన తీర్పులో తప్పు లేకపోవచ్చు. పిల్లవాడు మాత్రం తెలుగు మానేశాడు.

నేను వేయిస్తున్నది ఏ కథ! మన సాహిత్యంలో మధ్యవర్తిత్వం గురించి ఉన్న గొప్ప పాఠమే ఉద్యోగపర్వం. తిరుపతి వేంకట కవుల నాటకం పుణ్యమా అని ఊరూరా తెలిసిన ఘట్టం. నేను దాన్ని పద్యాల పోటీగా చూశాను. మీరు అలా చూడకండి. తిక్కన ఉద్యోగపర్వం వచనానువాదంలోనైనా ఒకసారి చదవండి, కృష్ణుడు ఏం చేశాడో వరసగా గమనించండి.

బయల్దేరే ముందు ఒక్కొక్కరి మాటా వింటాడు. యుద్ధం కోసం ఉరకలు వేస్తాడనుకున్న భీముడు సంధి మాట ఎత్తితే కృష్ణుడికే వింతగా ఉంటుంది. చివర్లో ద్రౌపది తన జుట్టు చూపించి, సంధి మాట్లాడేటప్పుడు దీన్ని మరిచిపోకు అంటుంది. అంటే ఒక పక్షం అంటే ఒకటే గొంతు కాదు. మనం "వాళ్ల గ్యాంగు", "వీళ్ల గ్యాంగు" అని చూసే పిల్లల్లో కూడా ఒకడు రాజీకి సిద్ధంగా ఉంటాడు, ఇంకొకళ్లకు మానని గాయం ఉంటుంది. అడిగితేనే తెలుస్తుంది.

హస్తినాపురం చేరాక దుర్యోధనుడు విందు ఏర్పాటు చేస్తే కృష్ణుడు ఒప్పుకోడు. వచ్చిన పని అయ్యాకే దూతలు భోజనం చేస్తారని చెప్పి, విదురుడి ఇంటికి వెళ్తాడు. ఇక్కడ మన కోతిని గుర్తు చేసుకోండి. కోతి మధ్యవర్తిగా వచ్చి తగవులో ఉన్న రొట్టే తినేసింది. ఈయన ఒక పక్షం పెట్టే అన్నం కూడా ముట్టలేదు. మంచి మధ్యవర్తి ఎలా ఉంటాడని పిల్లలు అడిగితే ఈ రెండు కథలూ పక్కపక్కన చెప్పండి, చాలు. మనకూ వర్తిస్తుంది. ఏ పేరెంటు మనకు రైడ్ ఇస్తారో, ఎవరింట్లో దీపావళి భోజనం చేశామో పిల్లలకు అంతా తెలుసు. మన తీర్పుల్లో ఆ భోజనం వాసన వాళ్లకు వస్తుంది.

పోనీ కృష్ణుడు పూర్తిగా తటస్థుడా? కాదు. అంతకుముందే తన సేనను ఒకరికీ, తనను ఇంకొకరికీ ఇచ్చేశాడు. అర్జునుడి రథం తోలబోతున్నవాడు రాయబారానికి వెళ్లాడు. దుర్యోధనుడికి నమ్మకం కుదరకపోవడంలో మూర్ఖత్వం ఎంతో, ఈ సంగతి పాత్ర ఎంతో పిల్లల్నే తేల్చమనండి. పెద్ద మెట్టు పిల్లలు ఈ ప్రశ్న మీద అరగంట వాదించుకుంటారు, అదీ తెలుగులో. "ఐదూళ్లు చాలు" అనే దాకా దిగివచ్చిన అడుగుల గురించి కూడా అడగండి. అర్ధరాజ్యం దగ్గర మొదలైన మాట ఐదూళ్లకు ఎందుకు దిగింది? పాండవులకు నిజంగా కావలసింది ఏమిటి, భూమా, మాటా, మర్యాదా? అవతలివాడు సూదిమొన మోపినంత కూడా ఇవ్వనన్నప్పుడు అతను కాపాడుకుంటున్నది ఏమిటి? రాయబారం విఫలమైంది. అందుకే అది మంచి పాఠం. అన్ని తగవులూ కరచాలనంతో అయిపోతాయని చెప్పే పుస్తకాలను పిల్లలు నమ్మరు.

ఇక భాష సంగతి. ఇది మీకూ నాకూ ముఖ్యం. మన పిల్లలు బుద్ధిగా ఉన్నంతసేపూ తెలుగు మాట్లాడతారు, కోపం వచ్చిన మరుక్షణం ఇంగ్లిషులోకి వెళ్లిపోతారు. మనం "తెలుగులో, తెలుగులో!" అని అరుస్తాం. పోట్లాడుకోవడానికి సరిపడా తెలుగు వాళ్లకు మనం నేర్పలేదు. కూరగాయల పేర్లు నేర్పాం, రంగులు నేర్పాం. "నా మాట పూర్తి కానివ్వు" అని నేర్పామా?

ఇంగ్లిషు బడుల్లో తగవు వేళ ఒక వాక్యం నేర్పుతారు. నిందతో మొదలుపెట్టకుండా, నువ్వు ఫలానా పని చేసినప్పుడు నాకు ఫలానాగా ఉంటుంది అని తన గురించి చెప్పుకునే వాక్యం. దాన్ని యథాతథంగా తెలుగులోకి దించిన చార్టులు కొన్ని తరగతుల్లో చూశాను. పిల్లలు పద్యంలా అప్పజెప్తున్నారు, ఎవరికీ తగలడం లేదు. తెలుగుకు ఆ అరువు అక్కర్లేదు. మన భాషలో కోపం మనం "అవ్వము", కోపం మనకు "వస్తుంది." నాకు కోపం వచ్చింది. నాకు బాధేసింది. నాకు సిగ్గేసింది. నా మనసు నొచ్చుకుంది. వచ్చింది కాబట్టి పోతుంది కూడా. ఈ నాలుగు వాక్యాలు బాగా నోటికి వస్తే ఆ చార్టు తీసేయొచ్చు. వీటితో పాటు "నువ్వెప్పుడూ ఇంతే" అన్న వాక్యం ఏం చేస్తుందో కూడా పిల్లలతో మాట్లాడండి. ఆ వాక్యం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, మన ఇళ్లలోనే విన్నారు.

"ఎందుకు" అనే మాటను మాత్రం జాగ్రత్తగా వాడండి. "ఎందుకు చేశావ్?" అంటే అది ప్రశ్న కాదు, గద్దింపు. "నీకు ఎందుకు కావాలి?" అంటే నిజంగా అడిగినట్టు. నాకు పనికొచ్చిన మాటలు ఇవి: "ఏం జరిగిందో ముందు నువ్వు చెప్పు, తను మధ్యలో మాట్లాడదు." "తను ఏమందో నువ్వొకసారి చెప్పు, సరిగ్గా చెప్పాడా అని తననే అడుగుదాం." "ఇంకెలా చేయొచ్చు? మూడు రకాలు చెప్పండి." ఆ తర్వాత మీరు నోరు మూసుకోవాలి. ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉంటుంది. భరించండి.

"సారీ చెప్పు" అని నిలబెట్టి చెప్పించడం దయచేసి మానుకుందాం. ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పేస్తారు. తెలుగులో మనం క్షమాపణను చాలావరకు వేరే మాటల్లో చెప్తాం: పొరపాటయింది, ఏమనుకోకు, తప్పయిపోయింది. మా చిన్నప్పుడు నీతో పచ్చి, నీతో కటీఫ్ అని తెంచుకునేవాళ్లం, మళ్లీ జట్టు అని కలుపుకునేవాళ్లం. తెంచుకోవడానికీ కలుపుకోవడానికీ రెండింటికీ మాట ఉండేది, చెప్పమని ఏ పెద్దవాళ్లూ వచ్చేవాళ్లు కాదు. ఆ మాటల్ని మన పిల్లలకు ఇచ్చి చూడండి, ఎంత ఇష్టంగా వాడతారో.

పై మెట్టులో సంధులు చెప్పేవాళ్లకు ఒక చిన్న మాట. సంధి అంటే వ్యాకరణమే కాదని పిల్లలకు చెప్పండి. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపితే, తర్వాత వీరేశలింగం పంతులు గారు సంధి, విగ్రహం రాశారు. అక్కడ సంధి అంటే ఒప్పందం, విగ్రహమంటే యుద్ధం. వాడు, ఎక్కడ కలిసి వాడెక్కడ అయినప్పుడు ఒక అచ్చు తప్పుకుంటుంది. రాజ, ఇంద్ర కలిసి రాజేంద్ర అయినప్పుడు రెండూ కాని మూడో అచ్చు పుడుతుంది. మన రాజీలు ఎప్పుడూ మొదటి రకమే. "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముడికి ఇచ్చేయ్." ఆ పెద్దపిల్ల ఎన్నిసార్లు తప్పుకోవాలి?

ఇప్పటిదాకా చెప్పిందంతా తగవు గురించి. తగవు కానిదాన్ని తగవు అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఒకసారి తరగతిలో ఒక పాప "నాకు తెల్వదు" అంది. వెనక వరసంతా నవ్వింది. తర్వాతి వారం వాళ్లే ఆ పాపను అదే మాటతో పిలవడం మొదలుపెట్టారు. పాప ఏడిస్తే, అక్కడున్న ఒక వాలంటీరు రెండు చేతులు కలిస్తేనే చప్పుడని అందరినీ కూర్చోబెట్టి రాజీ చేయబోయారు. నేను చేసింది అంతకంటే ఘనంగా ఏమీ లేదు. "తెల్వదు కాదమ్మా, తెలియదు అనాలి" అని పాపనే దిద్దాను. వాళ్లమ్మా నాన్నా, అమ్మమ్మా తాతయ్యా మాట్లాడే తెలుగు అది. దాన్ని నేర్చుకోవడానికే ఆ పాప మన దగ్గరికి వచ్చింది.

అది ఇద్దరి మధ్య తగవు కాదు. ఒకళ్ల మీద పదిమంది. రాజీకి కూర్చోబెడితే ఆ పాప ఏం వదులుకోవాలి, సగం యాసా? అమెరికా ఫెడరల్ ప్రభుత్వం బుల్లీయింగ్ నివారణ గురించి ఇచ్చే సలహాల్లో కూడా ఇదే ఉంది: వేధింపులకు పీర్ మీడియేషన్ పనికిరాదు, ఇద్దరిదీ కొంత తప్పుందన్న అర్థం అందులో వస్తుంది, వేధింపుకు గురైన పిల్లకు అది ఇంకో దెబ్బ. ఇది కూడా మన భారతంలోనే ఉంది, ఉద్యోగపర్వానికి ముందు, సభాపర్వంలో. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు ఆమె అడిగింది ప్రశ్న, రాజీ కాదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, మిగతా పెద్దలు తలలు దించుకున్నారు. నోరు విప్పినవాడు దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. అంత పెద్ద ఘట్టంతో పోలికేమిటని మీరు అనొచ్చు. ఎనిమిదేళ్ల పిల్లకు తన తరగతే సభ. ఆ రోజు తలదించుకున్న పెద్దల్లో నేనూ ఉన్నాను.

అలాంటప్పుడు మధ్యవర్తిగా కాదు, టీచరుగా ఉండాలి. నవ్వును అక్కడికక్కడ ఆపాలి, పాపకు రక్షణ ఇవ్వాలి, నవ్వినవాళ్ల ఇళ్లకు ఫోన్ చేయాలి. తర్వాత పాఠం మార్చాలి. మేం మార్చాం. తెలియదు, తెల్వదు, తెలీదు, ఎరగను అని బోర్డు మీద రాసి, మీ ఇంట్లో ఏమంటారని అడిగాం. ఆ పాప ముందుగా చెయ్యెత్తింది.

పిల్లుల కథ ఇప్పుడు ఎలా చెప్తున్నానో చెప్పి ముగిస్తాను. కోతి రాకముందే ఆపేస్తాను. రెండు పిల్లులుగా ఇద్దరు నిలబడతారు, ఇద్దరు మధ్యవర్తులు, మిగతావాళ్లు చూస్తారు. నిజం రొట్టె పెడతాను, చపాతీ అయినా సరే. పోయిన నెలలో ఒకడు నేను ముక్కలు చేస్తా, నువ్వు ముందు తీసుకో అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే మా అక్కతో పిజ్జా దగ్గర అన్నాడు. ఇంకో పిల్ల నాకు అసలు ఆకలి లేదు, మా తమ్ముడికి పట్టుకెళ్లాలనుకున్నా అంది, మధ్యవర్తులు బిత్తరపోయారు. వెనకనుంచి ఒకబ్బాయి లేచి, కోతిని కూడా పిలుద్దాం టీచర్, త్రాసు దానిదే కదా, కానీ రొట్టె మాత్రం మన చేతిలోనే పెట్టుకుందాం అన్నాడు.